బెంగళూరు నుంచి డాలస్: పన్నెండున్నర గంటలు కాదు తమ్ముడూ

తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి అదే రోజు సాయంత్రం 4:30కి దిగుతావని టికెట్ మీద చూసి పన్నెండున్నర గంటలే అనుకున్నావు. అందరూ అనుకునేదే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఆగస్టులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, కాబట్టి అసలు ప్రయాణం 23 గంటలు. దుబాయ్‌లో విమానం మారాలి. అక్కడికి సుమారు 2,700 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడ మూడు గంటలు కూర్చోవాలి. ఆపైన డాలస్‌కి దాదాపు 12,900 కిలోమీటర్లు, ఒకే ఊపున పదహారు గంటలు. నడుం పట్టేస్తుంది, అంతే. దానికి టెన్షన్ ఎందుకు?

టెన్షన్ పడాల్సింది ఆ రెండు టికెట్లూ విడివిడిగా కొంటే పద్దెనిమిది వేలు మిగులుతుందన్నావే, దానికి. మారతహళ్ళి పీజీలో ఉన్నప్పుడు నేనూ సరిగ్గా ఈ లెక్కే వేశాను. మా రూమ్మేట్లు తెలివైనవాడినని మెచ్చుకున్నారు కూడా. మొదటి విమానం బెంగళూరులోనే ఆలస్యమైంది. పెట్టెలకు దుబాయ్ వరకే ట్యాగ్ వేశారు. దిగాక అవి ఇమిగ్రేషన్ అవతల బెల్టు మీద తిరుగుతున్నాయి, బయటికెళ్ళి తెచ్చుకోవడానికి నాకు అక్కడి వీసా లేదు. గేటు మూసేశామని రెండో కంపెనీ వాళ్ళు, దుబాయ్‌లో దింపాం కదా మా పని అయిపోయిందని మొదటి కంపెనీ వాళ్ళు. ఇద్దరి మాటా న్యాయమే! కొత్త టికెట్టుకి, అద్దెకని దాచుకున్న డాలర్లన్నీ పోయాయి. పెట్టెలు వారం తర్వాత వచ్చాయి. లుంగీలో చుట్టిన ఆవకాయ సీసా మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు ఇక్కడ సొంతిల్లు ఉంది, ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను, అయినా ఆ డబ్బు తలుచుకుంటే ఈ రోజుకీ కడుపు మండుతుంది.

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద కొంటే కనెక్షన్ తప్పినా తర్వాతి విమానంలో ఎక్కించే పూచీ వాళ్ళదే. చెకిన్‌లో పెట్టె ట్యాగ్ మీద డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఎయిర్‌పోర్ట్ కోడ్) అని ఉందో లేదో నీ కళ్ళతో చూసుకో. చౌకగా ఉందని షికాగో మీదుగా వచ్చేది తీసుకుంటే ఇంకో తిరకాసు ఉంది. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, కస్టమ్స్. ఒకే టికెట్ అయినా పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పజెప్పాలి. మూడు గంటలైనా వ్యవధి లేకపోతే దాని జోలికి పోకు. ఎన్ని కిలోలు, ఏం తేకూడదు లాంటివి ఎయిర్‌లైన్ సైట్లో ఉంటాయి, చదువుకో.

క్యాబ్‌కి వేలు తగలెయ్యకు. మారతహళ్ళి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి వాయు వజ్ర సిటీ బస్సులున్నాయి, లోపల సామాన్ల ర్యాక్ కూడా ఉంటుంది. టెర్మినల్ 2 దగ్గర దిగు, ఇంటర్నేషనల్ అంతా 2023 నుంచి అక్కడే. అనంతపురం నుంచి అమ్మానాన్నల్ని మారతహళ్ళి దాకా రప్పించకు. ఎయిర్‌పోర్ట్ హైదరాబాద్ హైవే పక్కనే, దేవనహళ్ళిలో. బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా నేరుగా వచ్చేస్తారు, సిటీలోకి రానక్కర్లేదు.

ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ పత్రం), ఫీజు రసీదు, పాస్‌పోర్ట్ చేతి బ్యాగులో పెట్టుకో. రోమింగ్ ప్యాక్ కొనకు, దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లో వైఫై ఫ్రీ. కాఫీ కూడా అక్కడ తాగకు, విమానంలో ఊరికే ఇస్తారు.