ఎన్నారై సందేహాలు: ఊదా బోర్డు, గులాబీ బోర్డు – అమెరికా రోడ్డు మీద ఏ రంగుకు ఏం అర్థం?

ప్రశ్న: బెంగళూరులో పదేళ్లుగా కారు నడుపుతున్నాను. వచ్చే నెల కుటుంబంతో డాలస్ వెళ్తున్నాం. అక్కడ బోర్డులు చిత్రమైన రంగుల్లో ఉంటాయట. వాటి మీద రాసింది చదువుకుంటూ పోతే చాలదా?

జవాబు: చాలదండీ. గంటకు 70 మైళ్ల వేగమంటే సెకనుకు దాదాపు 31 మీటర్లు. మారతహళ్లి ట్రాఫిక్‌లో బోర్డు చదివే తీరిక ఉంటుంది, అక్కడ ఉండదు. అక్షరాలకంటే ముందు కంటికి ఆనేది రంగు. అందుకే అమెరికాలో ఒక్కో రంగుకు ఒక్కో పని అప్పగించారు. ఈ పంపకమంతా ఎంయూటీసీడీ అనే జాతీయ నియమావళిలో ఉంటుంది. దాని 11వ కూర్పు 2023 డిసెంబరులో వచ్చింది.

రంగుతో రోడ్డును గుర్తుపట్టడం మనకు కొత్తేమీ కాదు. హోసూరు దారిలో కిలోమీటరు రాయికి పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. చిక్కల్లా అర్థాలు మారిపోవడంతోనే. మన హెచ్చరిక బోర్డు ఎర్ర అంచున్న తెల్ల త్రికోణం. అక్కడది మూల మీద నిలబెట్టిన పసుపు పలక. దారి చూపేవి ఆకుపచ్చ, పెట్రోలు, భోజనం, ఆస్పత్రి చెప్పేవి నీలం, పార్కులూ చూడదగ్గ చోట్లూ చెప్పేవి ముదురు గోధుమ. వీటితో ఇబ్బంది లేదు, రెండు రోజుల్లో అలవాటవుతాయి.

జాగ్రత్త పడాల్సింది నారింజ దగ్గర. పసుపు బోర్డు శాశ్వతం, నారింజ తాత్కాలికం, అంటే ముందు రోడ్డు పని జరుగుతోందని. అక్కడ పాత తెల్ల గీతలు ఇంకా కనిపిస్తుంటాయి, కొత్తవాళ్లు వాటినే పట్టుకుపోతారు. నారింజ డ్రమ్ములూ కోన్లూ ఎటు తిప్పితే అటే వెళ్లాలి. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో పనివాళ్లు ఉన్న సమయంలో తప్పు చేస్తే జరిమానా రెట్టింపు. గులాబీ బోర్డు అరుదుగా కనిపిస్తుంది. ముందు ప్రమాదమో, రసాయనం ఒలకడమో జరిగితే అప్పటికప్పుడు తెచ్చి నిలబెట్టేది అది. పని ఎక్కడ జరుగుతుందో ముందే తెలుసు కాబట్టి నారింజ బోర్డులు వరసగా వస్తాయి. గులాబీ వెనక అలాంటి ఏర్పాటేమీ ఉండదు, మలుపు దాటగానే ఆగిన కార్లే ఉండొచ్చు. చూడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. లైట్లు వెలుగుతూ అంబులెన్సో పోలీసు బండో పక్కన ఆగి ఉంటే, టెక్సస్ చట్టం ప్రకారం దాని పక్క లేన్ వదిలి అవతలికి జరగాలి. జరగలేకపోతే వేగ పరిమితికంటే 20 మైళ్లు తగ్గించాలి.

మెరిసే పసుపు–ఆకుపచ్చ, అంటే నిమ్మపండుకు దీపం పెట్టినట్టుండే రంగు, బడి బోర్డులకు. పాదచారుల, సైకిళ్ల హెచ్చరికలకూ దీన్ని వాడతారు. ఫ్లోరోసెంట్ పదార్థం కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను కూడా పీల్చుకుని, మన కన్ను బాగా పట్టుకునే పసుపు–ఆకుపచ్చ వెలుగుగా తిరిగి వదులుతుంది. అందుకే తెల్లవారుజామున, మబ్బు పట్టినప్పుడు, సరిగ్గా పిల్లలు నడిచే వేళకు ఎక్కువ మెరుస్తుంది. ఆ బోర్డు మీద రాసిన సమయంలోనో, పసుపు దీపాలు వెలిగి ఆరుతున్నప్పుడో తక్కువ వేగ పరిమితి వర్తిస్తుంది. ఆ హద్దులో ఫోన్ చేత్తో పట్టుకోవద్దు.

ఇక ఊదా. ఎలక్ట్రానిక్ టోల్ ఖాతా ఉన్న బళ్లకే ఆ లేన్ అని అర్థం. కృష్ణగిరి టోల్ దగ్గర ఫాస్టాగ్ పని చేయకపోయినా ఎవరో ఒక మనిషి ఉంటాడు, రెట్టింపో ఎంతో కట్టి బయటపడతాం. అమెరికా ఊదా లేన్‌లో మనిషీ ఉండడు, గేటూ ఉండదు, కెమెరా నంబరు ప్లేటును ఫోటో తీస్తుంది. పొరపాటున దూరితే ఆగకండి, వెనక్కి నడపడం మరీ ప్రమాదం. అలాగే వెళ్లిపోయి, టోల్ సంస్థ పేరు గుర్తుపెట్టుకుని, ఆ రాత్రే దాని వెబ్‌సైట్‌లో ప్లేటు నంబరు కొట్టి కట్టే వీలుందేమో చూడండి. డాలస్‌లో టోల్‌వేలన్నీ ఎలక్ట్రానిక్. టోల్‌ట్యాగ్ (మన ఫాస్టాగ్ లాంటిది) లేని బండికి బిల్లు పోస్టులో వస్తుంది, అదీ ఎక్కువ రేటుకు. కొత్తవాళ్లు అపార్ట్‌మెంట్ మారుతుంటారు, బిల్లు పాత చిరునామాకు పోతుంది, ఆలస్య రుసుము పేరుకుపోతుంది. కారు కొన్న వారంలోనే ట్యాగ్ తీసుకోండి. ప్లేటు మారినా ఇల్లు మారినా ఖాతాలో వెంటనే మార్చండి. అద్దె కారైతే తాళం తీసుకునే ముందే టోల్‌కు రోజువారీ రుసుము ఎంతో అడగాలి. టోల్ చిన్నదే అయినా దాని మీద వాళ్ల రుసుము పడుతుంది.

బోర్డు కాకపోయినా గీతల రంగు చెప్పకుండా ఉండలేను. పసుపు గీత ఎదురు వాహనాలను వేరు చేస్తుంది, తెల్ల గీత ఒకే దిశవాటిని. కుడివైపు నడపడం అలవాటు లేని మనకు ఇది ప్రాణరక్షణ. పసుపు ఎప్పుడూ డ్రైవర్ ఉన్న ఎడమ పక్కనే ఉండాలి. మీ కుడివైపున కనిపించిందా, మీరు ఎదురు దిశలో ఉన్నారు. చాలా చోట్ల రోడ్డులో పొదిగిన మెరుపు బిళ్లలు ఎర్రగా కనపడినా అదే అర్థం. నీలం బిళ్ల మాత్రం పక్కనే ఫైర్ హైడ్రంట్, అంటే మంటలార్పడానికి పెట్టిన నీటి కొళాయి ఉందని చెబుతుంది.

తర్వాత కాలిఫోర్నియా మారేవాళ్లకు ఫుట్‌పాత్ అంచుల రంగు కూడా నేర్చుకోక తప్పదు. చెన్నైలోనూ బెంగళూరులోనూ నలుపు తెలుపు పట్టీలు చూసీచూసీ ఆ అంచును పట్టించుకోవడం మానేశాం. అక్కడ ఎరుపైతే ఆగనే కూడదు. పసుపు సరుకు దించడానికి, తెలుపు మనుషుల్ని ఎక్కించి దించడానికి. ఆకుపచ్చ దగ్గర రాసిన నిమిషాల వరకే ఆపొచ్చు. నీలం వికలాంగులకే, తప్పితే జరిమానా 250 డాలర్ల నుంచి మొదలవుతుంది. రంగు వేయని చోటా నియమం ఉంటుంది. హైడ్రంట్‌కు 15 అడుగుల లోపు నిలపకూడదు. పాదచారుల దాటుడు చోటుకు బండ్లు వచ్చే వైపున 20 అడుగుల లోపు కూడా కూడదు. ఈ రెండోదానికి 2025 జనవరి నుంచి జరిమానా పడుతోంది. అక్కడ ఎర్ర రంగు కనపడలేదని చెప్పినా టికెట్ రద్దు కాదు.