డాక్టర్ సలహా: పసిపిల్లకి లాల పోయాలా, తుడిచి ఊరుకోవాలా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. అమ్మాయి పురిటికని బెంగళూరు వచ్చాను. మారతహళ్ళిలో ఏడో అంతస్తు ఫ్లాటు. మనవరాలు పుట్టి 12 రోజులైంది, పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు ఉంది. బొడ్డు ఇంకా ఊడలేదు. ఆస్పత్రిలో చెప్పారని అమ్మాయి రోజూ తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటోంది. నలుగు వద్దు, సాంబ్రాణి వద్దు, ముక్కులో చెవుల్లో నూనె చుక్క వద్దు, కాటుక వద్దు, ఆముదం వద్దు అంటుంది. నేనేం చెప్పినా ఫోన్ తీసి చూపిస్తుంది. నాలుగిళ్ళలో పిల్లలకి నీళ్ళు పోసే ఒకావిడని పక్క ఫ్లాటువాళ్ళు మొన్న పంపారు. పిల్ల రొమ్ములు గట్టిగా ఉన్నాయని ఆవిడ పాలు పిండింది. దాంతో ఇంట్లో పెద్ద గొడవ. ఐదో రోజున డైపర్‌లో రెండు రక్తపు చుక్కలు కూడా కనిపించాయి. ముగ్గురు పిల్లల్ని ఈ చేతులతోనే పెంచాను. బొడ్డు ఊడాకైనా పిల్లని కాళ్ళ మీద వేసుకుని లాల పోయొచ్చా, లేక అల్లుడుగారు తెచ్చిన ప్లాస్టిక్ టబ్బులోనే పోయాలా?
— ఒక అమ్మమ్మ, బెంగళూరు

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు పిల్ల చొక్కా విప్పి ఆ రొమ్ములు చూడండి. ఒక పక్క ఎర్రబడినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, తాకగానే పిల్ల ఏడుస్తున్నా ఈ రోజే డాక్టర్‌కి చూపించండి. కడుపులో ఉండగా తల్లి హార్మోన్లు బిడ్డకి చేరతాయి. అందువల్ల ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా పుట్టాక రొమ్ములు కాస్త ఉబ్బుతాయి, ఒక్కోసారి పాలలాంటి చుక్క కూడా వస్తుంది. కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. పిండితే సూక్ష్మక్రిములు లోపలికి పోయి చీము పడుతుంది. అలా చీముగడ్డ కట్టిన పసిపిల్లల్ని నేను చూశాను, కొందరికి గాటు పెట్టి చీము తీయించాల్సి వచ్చింది. ఆవిడని మళ్ళీ పిలవకండి. నాలుగిళ్ళ పిల్లల్ని ముట్టుకున్న చేతులు అవి.

ఆ రెండు రక్తపు చుక్కలు కూడా ఈ హార్మోన్ల పనే. తల్లి నుంచి వచ్చినవి తగ్గేసరికి మొదటి వారంలో ఆడపిల్లలకి తెల్లగా జిగురులా రావడం, కొద్దిగా రక్తం కనిపించడం మామూలే. ఇప్పుడు మళ్ళీ కనిపిస్తేనో, ఎక్కువగా వస్తేనో చూపించాలి. ఆ జిగురుని రుద్ది తీయకండి. తడి దూదితో ముందు నుంచి వెనక్కి ఒక్కసారి తుడిస్తే చాలు. వెనక నుంచి ముందుకి తుడిస్తే మలం మూత్రద్వారంలోకి చేరుతుంది.

బొడ్డు సంగతి. మామూలుగా 5 నుంచి 15 రోజుల్లోపు ఊడుతుంది కాబట్టి 12 రోజులకి కంగారు అక్కర్లేదు. మూడు వారాలు దాటితే చూపించండి. దానికి కావాల్సింది గాలి తగలడం, పొడిగా ఉండడం. పసుపు, బూడిద, పౌడరు, కొబ్బరి నూనె, ఏదీ పెట్టవద్దు. డైపర్ అంచుని బొడ్డు కిందికి మడవండి, ఉచ్చ తగలకుండా. ఊడేటప్పుడు ఒక చుక్క రక్తం కనిపించవచ్చు. చుట్టూ చర్మం ఎర్రబడి వాచినా, చీము కారినా, కుళ్ళు వాసన వచ్చినా మర్నాటి దాకా ఆగకూడదు. అది ఊడేదాకా తుడవడమే మంచిది. ఈ విషయంలో అమ్మాయికి ఆస్పత్రివాళ్ళు సరిగ్గానే చెప్పారు.

ముగ్గురిని ఈ చేతులతోనే పెంచాను అన్నారు చూడండి, అసలు మాట అక్కడే ఉంది. పసిగుడ్డుకి మురికి ఎక్కడి నుంచి వస్తుంది? అది బయట తిరగదు, మట్టిలో ఆడదు. మన చేతుల మీదుగా రావాల్సిందే. పిల్లని రెండు రోజులకోసారి కడిగినా ఫర్వాలేదు, మన చేతులు మాత్రం ఎత్తుకున్న ప్రతిసారీ కడగాలి. ఉంగరాలు తీసి, గాజులు మోచేతి వైపు తోసి, వేళ్ళ సందులు, గోళ్ళ కింద సబ్బుతో రుద్దండి. గాజుల వెనక పేరుకున్న పిండీ పసుపూ ఆడవాళ్ళకి కనిపించవు, నాకు మాత్రం పిల్లని అందించేటప్పుడే కనిపిస్తాయి. 21వ రోజున బారసాల పెట్టుకుంటే వచ్చిన చుట్టాలందరికీ ఇదే నియమం. జలుబున్నవాళ్ళు దూరం నుంచి అక్షింతలు వేసి వెళ్ళవచ్చు. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్ళు ముద్దు పెట్టుకోకుండా తప్పకుండా ఆపండి. పెద్దవాళ్ళకి అది చిన్న పుండే గాని, నెల నిండని పిల్లకి ప్రాణం మీదకి తెస్తుంది.

ఇక మీ జాబితా. ఒకే మాట గుర్తుంచుకోండి: పిల్ల ఒంటికి ఉన్న రంధ్రాల్లో ఏదీ పోయకండి. ముక్కులో వేసిన నూనె జారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, నూనె కాబట్టి అది అంత తేలిగ్గా తగ్గదు. చెవిలో పోసింది తడిగా ఉండి క్రిములకి ఇల్లవుతుంది. చెవి గులిమి దానంతట అదే బయటికి వస్తుంది, బయట కనిపించింది తుడవండి చాలు. కాటుకలో సీసం ఉండొచ్చు, పెట్టే వేలి క్రిములు ఎలాగూ ఉంటాయి. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కళ్ళకి ఊసులు పడితే కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి, ముక్కు వైపు నుంచి బయటికి తుడవండి. ఒక్కో కంటికి వేరే దూది వాడాలి. ఊసులతో పాటు రెప్ప వాచినా, చీము కారినా డాక్టరే చూడాలి.

కడుపు శుభ్రమవుతుందని ఆముదం పోస్తారు. ఆ పని ముర్రుపాలు ఎప్పుడో చేసేశాయి. పుట్టినప్పటి నల్ల విరోచనం పోయి ఇప్పుడు పసుపుపచ్చగా, ఆవగింజల్లాంటి పలుకులతో పోతోందా? అయితే కడుపు శుభ్రంగా ఉన్నట్టే. రోజుకి ఎనిమిది, పది సార్లు పోయినా విరేచనాలు కావు. ఆరు సార్లకి తక్కువ కాకుండా ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నాయి. నీళ్ళు, గ్రైప్ వాటర్, వస, తేనె, ఏవీ వద్దు. ఏడాది లోపు పిల్లలకి తేనె అసలు నాకించకూడదు. దానిలో ఉండే ఒక క్రిమి పసివాళ్ళ పేగుల్లో విషం తయారుచేసి కండరాల్ని చచ్చుబడేలా చేస్తుంది. ఆరు నెలలు తల్లిపాలే. డాక్టర్ రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం వేయాలి, రోజుకి 400 యూనిట్లు.

సాంబ్రాణి వద్దంటే మీకు కష్టంగానే ఉంటుంది. మా అమ్మకీ ఇదే బాధ. పెంకుటింట్లో, వాకిట్లో వేసిన పొగ పైకి పోయేది. ఏడో అంతస్తులో, జనవరి చలికి కిటికీలన్నీ మూసిన గదిలో ఆ పొగ ఎక్కడికి పోతుంది? పిల్ల ఊపిరితిత్తుల్లోకే. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే వాయువు తల్లికి కూడా ప్రమాదం. తల మెత్తటి నూలుగుడ్డతో అద్దితే ఆరిపోతుంది. దోమల చక్రాలకీ ఇదే మాట, దోమతెర కట్టండి. సున్నిపిండి నలుగు ఆ లేత చర్మాన్ని గీరుతుంది, మడతల్లో ఉండిపోతుంది. ఒంటి మీద నూగు కొన్ని వారాల్లో తనే రాలుతుంది. అరచేతులు, కాళ్ళు పొట్టు లేస్తుంటే అదీ మామూలే. పౌడరు వాడకండి, ఊపిరితో లోపలికి పోతుంది.

పసుపు పచ్చదనం గురించి మీరు అడగలేదు గాని, అడగాల్సిందే. రెండో మూడో రోజున మొదలై తగ్గిపోయే కామెర్లు చాలామంది పిల్లలకి వస్తాయి. పొద్దుటి ఎండలో పెడితే అదే పోతుందని ఊరుకోకండి, ఎక్కువైన కామెర్లకి ఆస్పత్రి నీలి లైటే వైద్యం. పగటి వెలుగులో చూడండి. ఇప్పటికీ కళ్ళు, అరికాళ్ళు పచ్చగా ఉంటే చూపించాలి. రెండు వారాలు నిండినా పచ్చదనం ఉండి, విరోచనం సున్నంలా తెల్లగా పాలిపోతే, ఉచ్చ గుడ్డకి పచ్చ మరక పడితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. పిత్తనాళం మూసుకుపోయే జబ్బు కావచ్చు, దాని ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మంచిది.

పరుగెత్తాల్సిన సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. పాలు తాగనని మొరాయించడం, లేపినా లేవకుండా వడలిపోవడం, నిశ్చింతగా ఉన్నప్పుడు నిమిషానికి 60 లేదా అంతకు ఎక్కువ సార్లు ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, ఆకుపచ్చ వాంతి. చంకలో థర్మామీటర్ పెడితే 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. దాటితే ఇంట్లో జ్వరం మందు వేయకుండా బయల్దేరండి. తగ్గితే తల్లి గుండెలకి ఆనించి పైన దుప్పటి కప్పి అరగంటలో మళ్ళీ చూడండి, అప్పటికీ రాకపోతే ఆస్పత్రికే. పసివాళ్ళలో జ్వరం ఎంత ప్రమాదమో ఒళ్ళు చల్లబడడమూ అంతే ప్రమాదం. బండి దొరక్కపోతే 108.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. బొడ్డు ఊడి, ఆ చోటు ఆరాక కాళ్ళ మీద వేసుకుని నిశ్చింతగా లాల పోయండి. అది మంచి పద్ధతి. తల మీ పాదాల వైపు కొద్దిగా ఎత్తులో ఉండేలా, వీపు మీ కాళ్ళకి ఆనేలా ఉంటే పిల్ల జారదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వారానికి రెండు మూడు సార్లు చాలు, రోజూ పోస్తేనే మీకు తృప్తి అంటే అయిదు నిమిషాల్లో ముగించండి. ఇక్కడ తెల్లవారుజామున చలి 15 డిగ్రీల దాకా దిగుతుంది కాబట్టి పదకొండు గంటల వేళకి పెట్టుకోండి, ఫ్యాన్ ఆపి తలుపు వేయండి. అపార్ట్‌మెంట్లలో పైన సోలార్ ఉంటే కొళాయిలో ముందు చన్నీళ్ళు వచ్చి ఉన్నట్టుండి మరిగే నీళ్ళు వస్తాయి. కొళాయి కింద పిల్లని ఎప్పుడూ పెట్టకండి. బకెట్‌లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు కలిపి మోచేత్తో చూసుకోండి, వేడి తెలియకూడదు. మీ ఫ్లాటుకి ట్యాంకరు నీళ్ళే వస్తుంటే, బురదగా ఉన్న రోజు కాచి చల్లార్చి వాడండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదని ఇంకాస్త రుద్దుతారు. సబ్బు మెడ, చంకలు, గజ్జలకి చాలు.

స్నానానికి ముందు కొబ్బరి నూనెతో మెల్లగా ఒళ్ళు రాయండి. కాళ్ళు చేతులు లాగడం, ముక్కు సాగదీయడం, తలకిందులుగా ఊపడం వద్దు. మాడు మీద వేళ్ళతో నూనె రాయొచ్చు, ఒత్తి ఇంకించనక్కర్లేదు. అది కొట్టుకుంటూ ఉండడం సహజం. నీళ్ళు ముఖం మీద ధారగా పోయకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టండి. అయ్యాక మెడ మడతలు, చెవుల వెనక అద్ది ఆరబెట్టి, వెంటనే అమ్మాయి ఒళ్ళో వేసి పాలిప్పించండి.

అల్లుడుగారి టబ్బు గురించి చిన్నబుచ్చుకోవద్దని చెప్పండి. పొత్తిగుడ్డలు నానబెట్టుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు.