లాన్ తీసేసి దేశీ గడ్డి వేయండి, పాముల మాట నాకు వదిలేయండి

ఇంటి ముందు లాన్ బదులు వట్టివేరు, దర్భ, తుంగ వంటివి వేస్తే బాగుంటుందా, పాములు రావా అని అడిగారు. నిక్షేపంగా వేయండి. మాది హైదరాబాదు శివారు, మొరం నేల. ఏప్రిల్ వచ్చేసరికి వీధిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు తిరుగుతుంటాయి. ఆ నీళ్లు కొని కొరియన్ గడ్డికి పోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వట్టివేరుకు ఆ బాధ లేదు. దాని వేళ్లు నిలువుగా దిగుతాయి, మంచి నేలలో మూడు మీటర్లు దాటి కూడా పోతాయి. మొదటి వేసవి గట్టెక్కిస్తే చాలు. దుబ్బుగా పెరుగుతుందే గానీ పక్కలకు పాకదు.

దర్భ అలా కాదు, నేల లోపలే పాకిపోతుంది. నేను సిమెంటు వర దింపి అందులో నాటాను. ఆకు అంచులు చేయి కోస్తాయి కాబట్టి పిల్లలు ఆడుకునే చోట వద్దు.

మా కాలనీలో గొడవంతా ఈ దర్భ మీదే. "ఇంత ఇల్లు కట్టుకుని ముందు పిచ్చిగడ్డి పెంచడమేమిటండీ, పాములు చేరతాయి" అని ఎదురింటి పెద్దాయన సమావేశంలో లేవదీశారు. పీకించమని కాగితం కూడా పంపారు. నేను పట్టించుకోలేదు. 2025 సెప్టెంబరు 7న సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. సాయంత్రం నుంచే మా గేటు దగ్గర జనం. ఆవకాయ జాడీకి ఒకరు, పెరుగు గిన్నెకు ఒకరు, ఫ్రిజ్‌లోని ఇడ్లీ పిండికి ఇంకొకరు. అందరి వెనక పెద్దాయన. "బాబూ, నాలుగు పోచలు ఇస్తావా? మీ పిన్నిగారు ఊరగాయలన్నీ ముందు పెట్టుకుని కూర్చుంది."

"పాములుంటాయేమో, మీరు అక్కడే ఉండండి బాబాయిగారూ, నేనే కోసి తెస్తాను" అన్నాను. ఆయన నవ్వలేదు. దర్భ మాత్రం తీసుకున్నారు. కాగితం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అసలు పాము వచ్చేది ఎలుకల కోసం, గడ్డి కోసం కాదు. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకల గుట్ట ముందు తీయించండి.

ఇక తుంగ. ముస్తలు పట్టే తుంగ జోలికి పోకండి. పైన పీకితే కింద గడ్డ మిగిలి మళ్లీ మొలుస్తుంది. చాపలు అల్లే పొడవాటి తుంగ అయితే అంట్ల నీళ్లు పారే తడిచోట చక్కగా పెరుగుతుంది. నర్సరీలో మాత్రం గొడుగులా విచ్చుకునే మొక్కను అంటగడతారు. అదీ తుంగ జాతే, కానీ మడగాస్కర్ వైపుది. వట్టివేరు అడిగితే ఒక నర్సరీ కుర్రవాడు నన్ను పచారీ కొట్టుకు వెళ్లమన్నాడు!

రెల్లు పూత ఫొటోలు చూసి ముచ్చటపడకండి. అది గోదావరి లంకల్లోనే బాగుంటుంది, అయిదు సెంట్ల స్థలంలో పట్టదు.

వట్టివేరు పిలకలు తొలకరి పడ్డాక నాటండి. ముదిరిన దుబ్బును వానలకు ముందు అడుగు ఎత్తుకు కోసేస్తే కొత్త ఆకు వస్తుంది. కోసినదాన్ని మొక్కల మొదళ్లలో పరవండి, తగలబెట్టకండి. మా వీధిలో ఆదివారం వస్తే చాలు, ఎవరో ఒకరు ఆకులు కాలుస్తూనే ఉంటారు, ఆరేసిన బట్టలన్నీ పొగ వాసనే.