అమ్మకి మూత్రంలో ఇన్ఫెక్షన్: ఇంట్లో ఉన్న హోమియో మందుతో సరిపెట్టొచ్చా?

మీ అమ్మగారికి అరవై దాటాయి, షుగర్ ఉంది, ఏడాదిలో ఇది మూడో ఇన్ఫెక్షన్, ప్రతిసారీ యాంటీబయాటిక్ మింగించాలంటే భయంగా ఉంది, ఈసారి కాంథారిస్ 30 ఇచ్చి చూడొచ్చా అని అడిగారు. ముందు ఒక్క మాట. ఆమెకి ఇప్పుడు చలిజ్వరం గానీ, నడుముకి ఒక పక్కన నొప్పి గానీ, వాంతులు గానీ ఉంటే ఇక్కడితో ఆపి ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మూడేళ్ళ కిందట మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా నాన్న అనంతపురం జిల్లాలో బడి పంతులు. పొద్దున్నే గంటసేపు అరుగు మీద హోమియో పెట్టె తెరుచుకుని కూర్చునేవారు. ఎవరి దగ్గరా రూపాయి తీసుకునేవారు కాదు. వేలెడంత గాజు సీసాలు, మూతల మీద ఆయన చేతిరాతతో పేర్లు, పెట్టె తెరవగానే గుప్పుమనే స్పిరిట్ వాసన. గోళీలు చేత్తో ముట్టుకోకూడదు, మూతలో పోసుకుని నాలుక మీద వేసుకోవాలి, అరగంట దాకా కాఫీ తాగకూడదు. మేం ముగ్గురు పిల్లలం ఆ గోళీలు చప్పరిస్తూ పెరిగాం. నాన్న పోయాక అమ్మ బెంగళూరులో, రామమూర్తి నగర్‌లో ఉన్న మా ఇంటికి వచ్చేసింది. రెండు చీరల సంచులతో పాటు ఆ పెట్టే వచ్చింది.

ఒంటికి వెళ్తే మంటగా ఉందన్న సంగతి అమ్మ రెండు రోజులు నాకు చెప్పలేదు. నాన్న పుస్తకం తిరగేసి, తనే కాంథారిస్ వేసుకుంది. అడిగితే, "వీధి చివర క్లినిక్‌లో మగ డాక్టరు, నాకు కన్నడం రాదు, అల్లుడు పక్కనుండగా ఆ మాట ఎట్లా చెప్పేదే?" అంది. ఇంటి వైద్యం మీద మన ఆడవాళ్ళకి ఉన్న మక్కువలో సగం ఈ సిగ్గే అని నాకు అప్పుడు అర్థమైంది. నేనూ సరే, చూద్దాంలే అన్నాను. మూడో రోజు మంట కాస్త తగ్గిందంది. ఐదో రోజు రాత్రి రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. నన్ను మా అక్క పేరు పెట్టి పిలిచి, "నాన్నకి క్యారేజీ కట్టినావా, బస్సు టైమైంది" అంది. ఆ మాట విని నా కాళ్ళలో సత్తువ పోయింది. పెద్దవాళ్ళకి ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరితే ఇలా తికమక పడతారని ఆసుపత్రిలో చెబితేనే తెలిసింది. అప్పటికే అది కిడ్నీకి ఎక్కింది. ఆరు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్ పెట్టారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, మామూలుకి రావడానికి నెలన్నర పట్టింది.

తర్వాత కూర్చుని, ఆ సీసాలో అసలు ఏముందో తెలుసుకున్నాను. కాంథారిస్‌ని స్పానిష్ ఫ్లై అనే పచ్చటి పురుగు నుంచి తీస్తారు. అది కడుపులోకి పోతే మూత్రంలో విపరీతమైన మంట పుడుతుంది. మంట పుట్టించేదే మంటని తగ్గిస్తుందన్నది 1796లో జర్మనీలో హానెమన్ మొదలుపెట్టిన సిద్ధాంతం. 30 పొటెన్సీ అంటే ఒక పాలు మందుకి 99 పాళ్ళు స్పిరిట్ కలిపి కుదిపి, అందులోంచి ఒక పాలు తీసి మళ్ళీ 99 పాళ్ళలో కలిపి, ఇలా 30 సార్లు చేయడం. 1 పక్కన 60 సున్నాలు పెట్టి, అందులో ఒక వంతు అనుకోండి. 12 సార్లు దాటాక అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం దాదాపు అసాధ్యం. అక్కడ మూత్రాశయంలో గంటగంటకీ పెరిగే బ్యాక్టీరియా మీద ఇది ఏం పనిచేస్తుంది? 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి 176 అధ్యయనాలు పరిశీలించి, ఏ జబ్బుకీ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. టీబీ, మలేరియా, హెచ్ఐవీ, పసిపిల్లల విరేచనాల లాంటి వాటికి హోమియోని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది.

మరి నాన్న దగ్గర అంతమందికి ఎలా తగ్గింది అని చాలా రోజులు మథనపడ్డాను. జలుబు, గొంతునొప్పి, పిల్లల చెవిపోటు, సెగ్గడ్డలు చాలావరకు కొన్నాళ్ళకి వాటంతట అవే తగ్గేవే. నాన్న వాళ్ళ మాట ఓపిగ్గా వినేవారు, మర్నాడు ఇంటికెళ్ళి పలకరించేవారు. అది చిన్న సంగతేం కాదు. కానీ షుగర్ ఉన్న మనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్ ఆ కోవలోది కాదు. గోళీ చెడు చేయలేదు, దాన్ని నమ్ముకుని ఆగిన ఐదు రోజులు చేశాయి.

యాంటీబయాటిక్ మీద మీ భయం మాత్రం న్యాయమైనదే. దానికి దారి వేరే ఉంది. మాత్ర మొదలుపెట్టక ముందే యూరిన్ కల్చర్‌కి ఇవ్వండి. రెండు మూడు రోజుల్లో ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుందో రిపోర్టు వస్తుంది. అప్పుడు గుడ్డిగా మందులు మార్చుకుంటూ పోయే పని ఉండదు. మంటా జ్వరమూ ఏమీ లేకుండా కల్చర్‌లో క్రిములు కనిపించినంత మాత్రాన చాలాసార్లు యాంటీబయాటిక్ అక్కర్లేదు కూడా. ఇంకో సంగతి, షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి చక్కెరని మూత్రంలోకి పంపుతాయి, వాటివల్ల అక్కడ ఫంగస్ వచ్చి మంట పుట్టొచ్చు. అమ్మగారి చీటీలో అలాంటిది ఉందేమో చూసి డాక్టరుని అడగండి, మీరుగా ఆపకండి. ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వస్తుంటే యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోను) క్రీము ఇస్తారు. మా అమ్మకి గైనకాలజిస్టు అదే ఇచ్చారు. ఆవిడ ఆడమనిషి, తెలుగు వచ్చు, అమ్మ అన్నీ నోరు తెరిచి చెప్పింది. బెంగళూరులో తెలుగు వచ్చిన లేడీ డాక్టరు దొరకడం కష్టం కాదు, ఆ ఒక్క వెతుకులాట మీరు చేసి పెట్టండి.

ఎవరైనా బెర్బెరిస్ మదర్ టింక్చర్ (బెర్బెరిస్ మొక్క నుంచి తీసిన, ఇంకా పలచన చేయని హోమియో మందు) చుక్కలు వేయమంటే, అది 30 పొటెన్సీ గోళీల్లాంటిది కాదు. అందులో మొక్క సారమూ ఉంటుంది, ఆల్కహాలూ ఉంటుంది. డాక్టరుకి చెప్పకుండా వేయకండి.

నాన్న పెట్టెని మేం పారేయలేదు, అమ్మ గదిలోనే ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నోటు పుస్తకం తిరగేస్తుంటే చాలా పేర్ల ఎదురుగా ఒకే మాట కనిపించింది: "చలిజ్వరం. మందు ఇవ్వలేదు. అనంతపురం పెద్దాసుపత్రికి పంపించాను."