ఆ మంచం మీద ఓ కన్నేసి ఉంచు

చిట్టితల్లికి,

మీ నాన్న ఫోన్లో చెప్పాడు, నీ వార్డులో ఉన్న ఏడేళ్ళ పాప విషయం పోలీసులకు చెప్పబోతున్నావట. అప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. భయమూ ఉంది, నా మేనకోడలివని గర్వమూ ఉంది.

చెప్పాలా వద్దా అని ఆలోచించకు. లైంగిక వేధింపు అనుమానముంటే పిల్లల మీద లైంగిక నేరాలకు 2012లో తెచ్చిన పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. దాచితే 6 నెలల దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. రుజువులు వెతకడం నీ పని కాదు. ఇన్‌చార్జి సిస్టర్ "మనకెందుకమ్మా" అన్నా ఆగకు. పాప మాటలు అన్నవి అన్నట్టే, టైముతో సహా కేస్ షీట్లో రాయి.

నా టెన్షన్ వేరే.

1994లో నాలుగేళ్ళ బాబు కాళ్ళు కాలి మా వార్డుకొచ్చాడు. వేడినీళ్ళ బకెట్లో పడ్డాడన్నారు. పడిన పిల్లాడు కాళ్ళు తన్నుకుంటాడు, నీళ్ళు చింది అక్కడక్కడా బొబ్బలు లేస్తాయి. వీడికి రెండు కాళ్ళకూ మేజోళ్ళు తొడిగినట్టు ఒకే గీత, ఆ పైన ఒక్క మచ్చ లేదు. డ్రెస్సింగ్ మారుస్తుంటే ఏడవలేదు, తలుపు వైపే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వార్డు మధ్యలో, తండ్రి ఎదుటే తల్లిని నిలదీశాను: "ఎవరు ముంచారు, చెప్పు!" ఆమె తల దించుకుంది. పోలీసులకు తెలపాల్సిన మెడికోలీగల్ కేసు ఇది, ఆ సంగతి పొద్దున రౌండ్స్‌లో డాక్టరుగారికి చెబుదాంలే అని డ్యూటీ దిగిపోయాను. తెల్లారేసరికి మంచం ఖాళీ. దిండు కింద నేనిచ్చిన బిస్కెట్లు, సగం కొరికి దాచుకున్నవి. రిజిస్టర్లో రాయించిన ఊళ్ళో అలాంటి ఇల్లే లేదు. అప్పటికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 పుట్టలేదు, నిజమే. కానీ డ్యూటీ డాక్టరున్నారు, పోలీసులున్నారు. నా కోపం తీర్చుకుని బిడ్డను వదిలేశాను చిట్టీ.

అందుకే, ఇంటివాళ్ళ ముందు నోరు జారకు. చిన్నప్పటి నుంచీ నీ మొహంలో ఏదీ దాగదు. ముందు ఫోను, తర్వాతే మాటలు.

పాప "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే వెయ్యకు. సాయం చేసేవాళ్ళకు మాత్రం చెబుతానను. పాప పేరు క్యాంటీన్లో కూడా ఎత్తకు. "ఆయన సంపాదన లేకపోతే ఎలా బతకాలి సిస్టర్" అని తల్లి ఏడుస్తుంది. అది అబద్ధం కాదు, దానికి నా దగ్గరా జవాబు లేదు. ఆమెను కసురుకోకు. పక్కన కూర్చో, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రం సంగతి చెప్పు. ఆమె కోసమని ఫోను మాత్రం మానకు.

ఈ రాత్రి హ్యాండోవర్‌లో నైట్ సిస్టర్‌కి ఆ మంచం నంబరు చూపించి మరీ చెప్పు. పాపను తీసుకుపోతామని ఎవరొచ్చినా ముందు డ్యూటీ డాక్టర్ని లేపమను, ఆ తర్వాత నీకు ఫోన్ చెయ్యమను. అన్నం తిని వెళ్ళు తల్లీ. నా ఫోను దిండు పక్కనే ఉంటుంది.

మీ అత్త