నాసి గోరెంగ్ కాంపుంగ్ వండబోతున్న మనవరాలికి

చిరంజీవి బంగారుతల్లికి అమ్మమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే ఆదివారం కౌలాలంపూరులోని నీ అద్దె ఇంటికి ఎనిమిది మంది తోటి ఉద్యోగులను పిలిచి నాసి గోరెంగ్ కాంపుంగ్ అనే వేపుడన్నం వండిపెడతానన్నావని మీ అమ్మ చెప్పింది. మలాయ్ వాళ్ళకే వాళ్ళ పల్లె వంట వండిపెట్టేంతదానివయ్యావని మురిసిపోయాను గాని, ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఆ బెంగ ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

తొమ్మిది మందికి 900 గ్రాముల బియ్యం సరిపోతుంది. ఎండు నెత్తళ్ళను, అదే ఇకాన్ బిలిస్‌ను, కడిగి తడి ఆరాక కరకరలాడేలా వేయించి, సగం పైన చల్లడానికి దాచు. రొయ్యలు పడనివారెవరైనా ఉన్నారేమో ముందే అడుగు, ఎందుకంటే ఇందులో వేసే బెలచాన్ ముద్ద అంతా ఊరబెట్టిన చిన్న రొయ్యలే.

ఆ బెలచాన్‌ను సన్నని సెగ మీద కాల్చి, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, చిలి పాడి మిరపకాయలతో కలిపి రోట్లోనే నూరు. మిక్సీలో నీళ్ళు పోసి తిప్పితే ముద్ద నూనెలో వేగదు, ఉడుకుతుంది. మలేసియాలోని బాగన్ దాతో ఊరి కొబ్బరి తోటల దగ్గర మా పక్కింటి మక్‌చిక్, అంటే మలాయ్ పిన్నిగారు, నాకు ఈ వంట నేర్పినప్పుడు, ముద్ద నుండి నూనె విడివడే దాకా అన్నం ముట్టుకోనిచ్చేది కాదు. దానిని ఆమె 'పెచా మిన్యాక్' అనేది.

ఇక అన్నం సంగతి. ఈ వంటకు నిన్నటి అన్నం కావాలని నీకు తెలుసు. మెతుకు ఆరి గట్టిపడితేనే పొడిపొడిగా వేగుతుంది. మనకు చద్దన్నం కొత్త కాదు గనుక నిన్నటి అన్నమంటే నాకు ఏనాడూ భయముండేది కాదు. 1974లో ఒక రోజు, మరునాడు చుట్టాలు వస్తున్నారని, మధ్యాహ్నమే పెద్ద గిన్నెడు అన్నం వండి, పురుగు పుట్ర పడకూడదని వేడిగా ఉండగానే మూత బిగించి, తెల్లవారే దాకా వంటింటి గట్టు మీదే ఉంచాను. పొద్దున మూత తీస్తే కొద్దిగా జిగురుగా తగిలింది, వాసన మాత్రం లేదు. ఇంత మంట మీద వేయిస్తే ఏ దోషమైనా చచ్చిపోతుందనుకొని కువాలిలో, అదే గుండ్రటి బాణలిలో, వేశాను. రెండు మూడు గంటలు తిరిగేసరికి అందరికీ వాంతులు పట్టుకున్నాయి. అప్పటికి ఆరేళ్ళున్న మీ చిన్న మామయ్య కళ్ళు లోపలికి పోయి, నా ఒడిలో వాలిపోయాడు. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవనీ, అన్నం వెచ్చగా ఉండిపోతే అవి మొలిచి విషం వదులుతాయనీ, ఆ విషం మళ్ళీ వేయించినా పోదనీ డాక్టరు చెప్పినప్పుడు నా చేతులు వణికాయి. సాయంత్రం మక్‌చిక్ వచ్చి వాడి తల నిమురుతూ, అన్నం వెడల్పాటి పళ్ళెంలో పరిచి ఆరబెట్టలేదా అని అడిగింది. ఆమె రోజూ చేస్తుంటే చూశాను. ఎందుకు చేస్తుందో అడగలేదు.

అందుచేత, తల్లీ, శనివారం రాత్రి కొంచెం నీళ్ళు తగ్గించి వండి, దించిన వెంటనే రెండు పెద్ద పళ్ళాలలో పలుచగా పరిచి, ఫ్యాను కింద గంటలోపు చల్లార్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. బద్ధకించి కుక్కరులోనే వదిలేశావంటే, దానిని పారేసి ఆదివారం పొద్దున మళ్ళీ వండు. పరిచి ఆరబెట్టిన తాజా అన్నం కూడా బాగానే వేగుతుంది. ఈ మాటకు ఎదురు చెప్పకు.

ఆదివారం ఒకేసారి కుమ్మరించకుండా ఇద్దరికి సరిపడేంత అన్నం చొప్పున, పెద్ద మంట మీద, ప్రతి మెతుకూ పొగలు కక్కే దాకా వేయించు. తూటికూర కాడలు ముందు, ఆకులు చివర వెయ్యి. నెత్తళ్ళలోనూ బెలచాన్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు చల్లు. సోయా సాస్ పోయకు. అది పడితే పల్లె రుచి పోతుందని నా నమ్మకం. పైన ఒక్కొక్కరికి ఒక గుడ్డు, పక్కన కీరదోస ముక్కలు చాలు. మిరప ఘాటుకు నీకు చిన్నప్పుడు దగ్గు తెర వచ్చేది, కిటికీ తెరిచి పెట్టుకో.

శనివారం పళ్ళాలు ఫ్రిజ్‌లో పెట్టాక నాకు ఫోను చెయ్యి. ఎంత పొద్దుపోయినా మేలుకొనే ఉంటాను.

నీ అమ్మమ్మ