వలి కాదు, వలిప్పు కాదు

కొత్తగా చెన్నైలోని అంబత్తూరు వచ్చిన నెల్లూరు దంపతులు అడిగారు: "ఆరు నెలల పాప పాలు తాగాక మెడ మెలితిప్పుతోంది, ఇది ఫిట్సా?"

ఇదే భయం ఇదే ఊళ్లో నేనూ పడ్డాను. మా వాడికి అప్పుడు అయిదో నెల. పాలు పట్టిన కాసేపటికి మెడ ఒక పక్కకు వాల్చి, నడుము విల్లులా వంచేవాడు. అత్తగారు దిష్టి తీశారు. నేను అరకొర తమిళంలో డాక్టరు గారికి "వలిప్పు" అని చెప్పాను. నొప్పి అనబోయాను. నొప్పిని వలి అంటారు, వలిప్పంటే మూర్ఛ! వెంటనే ఈఈజీకి, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్షకు, పంపారు. తప్పు మాటే అయినా ఆ పరీక్ష అవసరమైనదేనని తరువాత తెలిసింది.

తేలింది శాండిఫర్ సిండ్రోమ్. కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నినప్పుడు ఆ బాధకు బిడ్డ అలా మెలికలు తిరుగుతుందని వైద్యులు భావిస్తారు. 1964లో మార్సెల్ కిన్స్‌బోర్న్ దీన్ని వర్ణించారు, పేరు మాత్రం పాల్ శాండిఫర్ అనే నాడీవైద్యుడిది. మెలికలు సాధారణంగా పాలు తాగే వేళ, తాగిన తరువాత వస్తాయి. అలా కాక, నిద్ర లేవగానే ఉలిక్కిపడినట్టు వరుసగా కుదుపులు వస్తే అది వేరే జబ్బు కావచ్చు, ఆ రోజే చూపించాలి. ఏదైనా సరే, ఇంట్లో తేల్చుకోవద్దు. మెలికలు తిరిగేటప్పుడు ఫోనులో వీడియో తీయండి. మా తమిళం చేయలేని పని అది చేసింది.

ఊరికే పాలు కక్కడం వేరు. నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, ఏడాది, ఏడాదిన్నరకల్లా చాలామందిలో పోతుంది. బరువు పెరుగుతూ హాయిగా ఉంటే కంగారు వద్దు. గొంతు బొంగురు, మానని దగ్గు, పదేపదే న్యుమోనియా, పాలిపోవడం, కాస్త పెద్ద పిల్లల్లో పళ్ల లోపలి వైపు అరుగుదల కూడా ఆమ్లం పని కావచ్చని చాలామంది ఊహించరు. వాంతి ఆకుపచ్చగా ఉన్నా, నెత్తురు పడినా, నెల బిడ్డ పాలు దూరంగా చిమ్మినా అర్ధరాత్రయినా బయలుదేరండి. ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి ఉంది.

బోర్లా పడుకోబెట్టమని ఇరుగుపొరుగు చెబుతారు, వినవద్దు. వెల్లకిలానే, తలగడ లేకుండా. ఆమ్లం మందులు సొంతంగా వేయవద్దు.

ఇక డాక్టరు దగ్గర ఈ ముక్క చాలు: "పాల్ కుడిచ్చదుక్కప్పురం కళుత్తై తిరుప్పుదు." పాలు తాగాక మెడ తిప్పుతోంది అని. కక్కడానికి వేరే మాట వెతకనక్కర్లేదు, వాళ్లూ "కక్కుదు" అనే అంటారు.